పేరు కూడ ఆస్తియే

మన సహకార సంఘములలో కొన్ని బెల్లము, పసుపు, కందిపప్పు మొదలగు సరుకులను స్వంత పేరు ముద్రించిన సంచులలో నింపి అమ్ముచున్నవి. మరికొన్ని ఇంటర్నెట్టులో ఆ పేరిట చిరునామాను, అనగా డొమైన్ పేరును సంపాదించి, దళారి ప్రమేయము లేకుండ పట్టణవాసులతో నేరుగ బేరము చేయుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. కాని, "ఆ పేరును రిజిస్టరు చేయించుటకు సంఘపు సొమ్మేల ఖర్చు పెట్టవలెను? మనబోటి చిన్నవారి పేరు ఎవరికి కావలెను?" అని సభ్యులు మమ్ము పలుమారు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు మా యభిప్రాయమును తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రైతునకు గట్టు తగవు క్రొత్తది కాదు. ప్రక్క కమతము వాడు ఏటేట ఒక్కొక్క చాలు చొప్పున మన గట్టును దున్నివేయుచుండగా ఊరకున్నచో, కొన్నాళ్లకు హద్దు ఎక్కడ నుండెనో చెప్పువారే యుండరు. పట్టా, శిస్తు రసీదులు, హద్దురాళ్లు గలవాడు మాత్రము నిర్భయముగ నుండును. పేరును అట్టి భూమియే. అది కంటికి కనబడదు గనుక దానికి హద్దురాళ్లు మరింత యవసరము.

అమెరికాలో జరిగిన యొక వ్యవహారమును ఇందుకు దృష్టాంతముగ జెప్పెదము. ఉజీ నిస్సాన్ అను నాయన జెరూసలేములో పుట్టి, 1976 లో అమెరికాకు పోయి, ఉత్తర కెరొలైనా రాష్ట్రములోని రాలీ పట్టణమున వ్యాపారము చేసికొని బ్రతికెను. నిస్సాన్ అనునది ఆయన యింటిపేరు. యూదుల పంచాంగములో నొక మాసమునకును అదే పేరు. 1980 లో ఆయన తన యింటిపేరుతో కార్లు మరమ్మతు చేయు దుకాణమును పెట్టెను. ఆ కాలమున జపాను దేశపు నిస్సాన్ మోటారు సంస్థ అమెరికాలో తన బండ్లను ఎక్కువగ డాట్సన్ అను పేరుతోనే అమ్ముచుండెను. 1991 లో ఆయన నిస్సాన్ కంప్యూటర్ అను చిన్న వ్యాపారమును స్థాపించి, 1994 లో నిస్సాన్.కామ్ అను డొమైన్ పేరును రిజిస్టరు చేసికొనెను. అప్పటికి ఆ పేరును మరెవ్వరును తీసికొని యుండలేదు.

1995 లో కార్ల సంస్థ ఆయనకొక జాబు వ్రాసి, తరువాత నాలుగేండ్లు మిన్నకుండెను. 1999 డిసెంబరులో దావా వేసి, కోటి డాలర్లు నష్టపరిహారము గోరెను. ఒకవైపున లోకప్రసిద్ధమైన సంస్థ. మరియొకవైపున కంప్యూటర్లు అమ్ముకొను నొక గృహస్థు. 2004 లో అప్పీలు కోర్టు క్రింది తీర్పును కొంత స్థిరపరచి, కొంత కొట్టివేసెను. పెద్ద సంస్థ తన ప్రసిద్ధికి భంగము గలిగెనని వాదింపవలెనన్న, చిన్నవాడు ఆ పేరుతో వ్యాపార మారంభించిన 1991 నాటికే ఆ పేరు ప్రసిద్ధమై యుండెనని రుజువు చేయవలెననియు, డొమైన్ తీసికొన్న 1994 ను లెక్కకు తీసికొనరాదనియు ఆ కోర్టు చెప్పెను. ఆయన తన వెబ్‌సైటులో సంస్థను విమర్శింపరాదన్న నిషేధమును గూడ త్రోసివేసెను. తుదకు డొమైన్ పేరు ఆయనయొద్దనే నిలిచినది. ఆయన 2020 లో కొవిడ్ వ్యాధిచే మరణించెను.

ఈ కథను కేవలము చిన్నవాని విజయముగ జదివి సంతోషించుట చాలదు. ఇందు మనము గ్రహింపవలసిన చేదు నిజములు రెండు గలవు. మొదటిది: 1999 లో ఆయన తన వెబ్‌సైటున కార్లకు సంబంధించిన ప్రకటనలను వేసి ఆదాయము పొందెను. ఆ విషయమున మాత్రము కోర్టు ఆయనదే తప్పనెను. తన కంప్యూటర్ల పొలము విడిచి, ఎదుటివాని పంట గట్టున కాలుపెట్టినట్లాయెను. రెండవది: గెలుపు ఉచితముగ రాలేదు. వ్యాజ్యము ఏండ్లతరబడి నడచినది. లక్షలకొలది డాలర్లు ఖర్చయినవి. న్యాయము తనవైపున నుండియు, దానిని నిలుపుకొనుటకు ఓపికయు సొమ్మును లేక మధ్యలో చేతులెత్తివేసిన చిన్న వ్యాపారులెందరో యుందురని మా తలంపు.

మన దేశమున చట్టమేమి చెప్పుచున్నది? 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము 34 వ సెక్షను ననుసరించి, పెద్ద సంస్థ తన మార్కును వాడుటకును రిజిస్టరు చేయించుటకును పూర్వమే యొక పేరును ఎడతెగక వాడుచున్న వానిని, ఆ సంస్థ రిజిస్ట్రేషను చూపి అడ్డగింపజాలదు. 2004 లో సత్యం ఇన్ఫోవే వ్యాజ్యమున సుప్రీంకోర్టు, డొమైన్ పేరునకును ట్రేడుమార్కువలెనే రక్షణ గలదని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమున గెలిచినది పెద్ద సంస్థయే యని గూడ మరువరాదు. ఏలయన ఆ పేరును ముందుగ కల్పించి వాడినది అదియే. చట్టము పెద్దయని గాని చిన్నయని గాని చూడదు. ఎవరు ముందు? ఎవరు నిజాయితీగ వాడిరి? రుజువు ఏది? అనియే అడుగును. మన ముందుతనమునకు రుజువు లేనిచో, న్యాయమును మనలను ఆదుకొనలేదు.

కావున సంఘములు చేయదగిన పనులను మేమిట్లు సూచించుచున్నాము. సంఘమును సహకార శాఖవారియొద్ద రిజిస్టరు చేసినంత మాత్రమున దాని పేరు ట్రేడుమార్కు కాదు. అందుకు వేరుగ దరఖాస్తు పెట్టవలెను. "మంచి బెల్లము" వంటి మాటలు సరుకును వర్ణించునే గాని యజమానిని తెలుపవు. అట్టివాటికి రక్షణ దొరకుట కష్టము. దరఖాస్తు ప్రకటింపబడిన పిమ్మట నాలుగు నెలలలోపల ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును. ఆ ఆక్షేపణ మనకు అందిన రెండు నెలలలోపల జవాబు దాఖలు చేయనిచో, దరఖాస్తును విడిచినట్లే యెంచుదురు. పెద్ద సంస్థ తాఖీదు చూచి భయపడి పెట్టెలో పడవేసినవాడు, పోరాడకయే ఓడినవాడగును.

డొమైన్ పేరు శాశ్వత విక్రయము కాదు, కౌలువంటిది. గడువు దాటకుండ రుసుము చెల్లింపవలెను. మేమెరిగిన యొక సంఘమున, వెబ్‌సైటు చేసిన కుర్రవాని పేరిటనే డొమైను రిజిస్టరయ్యెను. అతడు ఉద్యోగమునకై దూరము పోగా గడువు దాటిపోయి, సంఘము తన పేరును తానే పోగొట్టుకొనెను. అందుచే ఖాతా, ఈమెయిలు, ఫోను నంబరు అన్నియు సంఘము పేరిటనే యుండవలెను. మొదటి సంచిమీది ముద్ర నమూనా, తేదీ గల రసీదులు, సంత ఫొటోలు, కరపత్రములు ఒక్క దస్త్రములో భద్రపరుపవలెను. అవియే మన శిస్తు రసీదులు.

ఎవరైన పెద్దవారు పేరును కొందుమని వచ్చినచో, కార్యదర్శి యొక్కడే బేరమాడరాదు. సర్వసభ్య సమావేశమే నిర్ణయింపవలెను. మనంతట మనమే ముందుగ పెద్ద ధర చెప్పి జాబు వ్రాయుట మరింత ప్రమాదము. అమ్ముకొనుటకే పేరు పట్టుకొన్నారని ఎదుటివారు చూపుటకు ఆ జాబే సాక్ష్యమగును.

ఇంతయు జేసినను, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత మనయందు నిజము కాకూడదు. తడి బెల్లమును, పుచ్చిన పప్పును సంచిలో నింపి, సంచిమీది పేరును చట్టము కాపాడునని యెంచుట వెర్రితనము. పేరునకు విలువ నిచ్చునది దాని వెనుక నున్న రైతు చెమట. ఆ చెమటను ఇతరులు ఉచితముగ ననుభవింపకుండ జూచుట సంఘము విధి. ఒంటరి రైతు భరింపలేని ఖర్చును పదిమంది పంచుకొనుటకే గదా సంఘము పుట్టినది!

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు పెట్టి తీర్మానము చేయునని ఆశించుచున్నాము. తగవు వచ్చిన పిమ్మట వకీలును వెదకుటకంటె, తగవు రాకముందే రాయి పాతుట చౌక.