బండి మెల్లగా... బొమ్మ జోరుగా!

మన వైపు కొత్త కారు కొంటే మొదటి ప్రయాణం గుడికే కదా! విజయనగరం వాళ్లు పైడితల్లి అమ్మవారి దగ్గరకి, శ్రీకాకుళం వాళ్లు అరసవల్లి సూర్యనారాయణ స్వామి దగ్గరకి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు... ఇదివరకు ఒక ఫోటో తీసి ఆల్బంలో పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో కుర్రాళ్లు దాన్నే "సినిమాటిక్ వీడియో" తీస్తామంటున్నారు. నిమిషం నిడివి, వెనకాల మ్యూజిక్, స్లోమోషన్, మలుపులో దూసుకొచ్చే బండి. ముచ్చట పడితే తప్పేం లేదు. కానీ ఆ "దూసుకొచ్చే" అన్న మాట దగ్గరే తల్లుల గుండె దడదడలాడుతుంది.

మా మేనల్లుడు ఆ మధ్య సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి వేసిన ప్లాను వినండి. హైవే మీద వీడు ఎనభైలో నడుపుతాడట. పక్కనే ఇంకో కారులో ఒకడు కిటికీలోంచి నడుం దాకా బయటకి వాలి ఫోనుతో తీస్తాడట! "అదేంట్రా" అంటే, "స్పీడు లేకపోతే ఏటుంటాది అత్తా? ఎడ్లబండిలా ఉంటాది" అన్నాడు.

కుర్రాళ్లందరిదీ ఇదే నమ్మకం. అది నిజం కాదు. తెర మీద కనబడే వేగం కారులో ఉండదు, కెమెరా ఎక్కడ పెట్టాం, ఎలా పెట్టాం అన్నదాంట్లో ఉంటుంది. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు గుర్తు తెచ్చుకోండి. హీరో స్టీరింగు అటూ ఇటూ తెగ తిప్పేస్తూ ఉంటాడు, వెనకాల రోడ్డు మాత్రం తిన్నగా పోతుంటుంది. చిన్నప్పుడు అది చూసి నవ్వుకునేవాళ్లం. కారు స్టూడియోలో కదలకుండా ఉండేది, వెనక తెర మీద రోడ్డు బొమ్మ ఆడేది. అంత పెద్ద హీరోకే బండి కదలాల్సిన పని లేకపోయింది, మన పిల్లలకి ఎనభై ఎందుకమ్మా?

ముందు ఫోను ఎత్తు తగ్గించమనండి. మనిషి నిలబడి కంటి ఎత్తులో తీస్తే కారు బొమ్మకారులా, మెల్లగా పోతున్నట్టుంటుంది. అదే ఫోను నేలకి జానెడు ఎత్తులో పెడితే బండి పెద్దదిగా, గంభీరంగా కనిపిస్తుంది, వచ్చి మీద పడుతున్నట్టే ఉంటుంది. ఫోనుకీ కారుకీ మధ్యలో ఏదైనా అడ్డం ఉంటే ఇంకా మంచిది. గడ్డి, రాతి స్తంభాలు, సరుగుడు చెట్లు ఏవైనా సరే. దగ్గర వస్తువులు గబగబా వెనక్కి పోతుంటే మన కన్ను దాన్నే వేగం అనుకుంటుంది.

రెండోది షట్టర్. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. వీడియో అంటే సెకనుకి ఇన్నేసి బొమ్మలు. సినిమాకి 24. ఒక్కో బొమ్మకీ వెలుతురు ఎంతసేపు లోపలికి రానివ్వాలో చెప్పేది షట్టర్. సెకనుకి 24 లేదా 25 బొమ్మలు తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గర పెట్టాలని సినిమావాళ్ల లెక్క. 30 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ యాభయ్యో వంతు సెకనులో దాదాపు 17 సెంటీమీటర్లు కదులుతుంది. కెమెరా కదలకుండా ఉంటే బండి కాస్త చెరిగినట్టు పడుతుంది. రోడ్డు పక్కన నిలబడి, కారుతో పాటు నడుం తిప్పుతూ తీస్తే బండి నిలిచి, వెనకాల చెట్లు చెరుగుతాయి. ఆ చెరుపే వేగం! మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను తనంతట తాను షట్టర్‌ని వెయ్యో వంతుకో ఇంకా కిందకో దించేస్తుంది. అప్పుడు ప్రతి బొమ్మా గీసినట్టు స్పష్టంగా వచ్చి, వందలో పోయే బండి కూడా ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తుంది. అందుకని ఫోనులో "ప్రో" అనే చోటికి వెళ్లి షట్టర్ చేత్తో పెట్టుకోవాలి. ఎండలో తప్పదనుకుంటే ఎన్‌డి ఫిల్టరు అని ఉంటుంది, ఫోనుకి నల్ల కళ్లద్దం లాంటిది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, రాత్రి వీధిలైట్ల కింద కూడా 1/50 పెడితే లైట్లు మిణుకు మిణుకుమనకుండా ఉంటాయి.

నన్నడిగితే ఏ ఫిల్టరూ కొనక్కర్లేదు, పొద్దున్నే లేస్తే చాలు. మార్చిలోనూ అక్టోబరులోనూ అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడటం చూడటానికి తెల్లవారకముందే వెళ్లి నిలబడతాం. ఆ ఏటవాలు వెలుగే కారుకీ కావాలి. కారు పెయింటు అద్దం లాంటిది. నెత్తి మీద ఎండ పడితే తెల్లగా మెరిసిపోయి ఒంపుసొంపులన్నీ పోతాయి, తీసేవాడి లుంగీ కూడా డోరులో కనిపిస్తుంది! పొద్దున ఏడు లోపు, సాయంత్రం అయిదు తర్వాత మంచి సమయం. తెల్ల కారైతే ఫోనులో వెలుగు కాస్త తగ్గించి తీయాలి.

కారు తుడిచే సంగతి ఆడవాళ్లకి వేరే చెప్పాలా? ముందు నీళ్లతో దుమ్ము పూర్తిగా పోగొట్టాలి. పొడిగుడ్డతో రుద్దారో, ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత మెత్తని నూలు గుడ్డతో అద్దండి.

చోటు సంగతి. పదహారో నంబరు హైవే మాట ఎత్తొద్దు. అది చెన్నై నుంచి కలకత్తా పోయే లారీల రోడ్డు. తాటిపూడి రిజర్వాయరు వైపు చెట్ల నీడల రోడ్లున్నాయి. కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసే చోటు. అక్కడ బండిని ఇసుకలోకి మాత్రం దింపనివ్వకండి, చక్రం కూరుకుపోతుంది, ఉప్పునీటికి అడుగున తుప్పు పడుతుంది. శృంగవరపుకోట దాటి అరకు వెళ్లే అనంతగిరి ఘాటు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. అక్కడ తీసేవాడు పై రోడ్డులో, అంచుకి దూరంగా, బండ్లు తగలని చోట నిలబడాలి. కారు కింద మలుపులో తన మానాన తాను పోవాలి. బొమ్మ అద్భుతంగా వస్తుంది, ఎవరూ ఎవరినీ తరమక్కర్లేదు.

డ్రోను అద్దెకి తెస్తామంటే ముందు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడమనండి. విశాఖలో నేవీ విమానాల స్థావరం ఉంది, భోగాపురంలో కొత్త విమానాశ్రయం. ఎగరేయకూడని చోట్లు మనకి దగ్గర్లోనే ఉన్నాయి.

డిక్కీ తలుపు తెరిచి అందులో కూర్చుని వెనక కారుని తీయడం ఇప్పుడొక వేలంవెర్రి. బ్రేకు వేస్తే మనిషి రోడ్డు మీద ఉంటాడు. పైగా తెరిచిన డిక్కీలోకి సైలెన్సరు పొగ లాక్కొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసనే ఉండదు. నడుపుతూ చేత్తో ఫోను పట్టుకోవడం 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకి వస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

మరి కారు లోపల కూర్చున్న మనిషి బొమ్మ ఎలా అంటారా? రాత్రి మన పెరట్లోనే! బండి ఆపే ఉంచి, ఇంజను కట్టేసి, ఒకరు వెనక బంపరు దగ్గర నిలబడి మెల్లగా నొక్కి వదులుతుండాలి. ఇంకొకరు టార్చిలైటు ముందు నుంచి వెనక్కి పదేపదే తిప్పాలి. అద్దం మీద కాసిని నీళ్లు చల్లితే వాన. మా ఇంట్లో ఇది చేసినప్పుడు బంపరు నొక్కింది మా ఆడపడుచు, టార్చి పట్టింది నేను. చూసినవాళ్లు "ఏ రోడ్డమ్మా ఇది?" అని అడిగారు!

ఇక నిమ్మకాయ. కొత్త కారు వీడియోకి అంతకంటే మంచి మొదటి బొమ్మ లేదంటాను. ఫోను నేల మీద పక్కగా, చక్రానికి మూరెడు దూరంలో, చక్రం దారికి అడ్డం కాకుండా పెట్టి, సెకనుకి 60 బొమ్మలతో తీయాలి. దాన్ని 24కి దించితే రెండున్నర రెట్లు నిదానిస్తుంది. టైరు ఎక్కడం, కాయ చిట్లడం, రసం చిమ్మడం... కారు కదిలింది రెండడుగులే!

ఎడిటింగు అంటే ఆకుకూర బాగుచేయడమే. పది సెకన్లు తీసిన దాంట్లో బాగున్న రెండు మూడు సెకన్లే ఉంచాలి. డావిన్చీ రిజాల్వ్ అనేది కంప్యూటరులో ఉచితంగా దొరుకుతుంది, ఫోనులో అయితే కైన్‌మాస్టర్ లాంటివి ఉన్నాయి. కారు ఒక బొమ్మలో ఎడమ నుంచి కుడికి పోతే తర్వాత బొమ్మలోనూ అటే పోవాలి, లేకపోతే ఏదో మర్చిపోయి ఇంటికి తిరిగొస్తున్నట్టుంటుంది. డోరు "ధబ్"మనడం, ఇండికేటరు టిక్‌టిక్, గులకరాళ్ల మీద చక్రం చప్పుడు విడిగా రికార్డు చేసి మ్యూజిక్ కింద కలపండి, ప్రాణం వస్తుంది. సినిమా పాట పెట్టి యూట్యూబులో వేస్తే హక్కుల గొడవ వస్తుంది. యూట్యూబు ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. రంగులు కొంచెమే దిద్దండి. పసుపు కుంకుమలు నీలంగా మారిపోతే అది మన పూజలా ఉండదు.

అంతా అయ్యాక చుట్టాలకి వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపకండి, కుదించి మసకమసకగా చేసేస్తుంది. డాక్యుమెంటుగా జత చేసి పంపితే తీసింది తీసినట్టే చేరుతుంది.