ఒక్క రాత్రి ఆగే వీలు కావాలి

శ్రీ సత్యసాయి జిల్లా ప్రజలకు, పంచాయతీ సభ్యులకు, ఆర్టీసీ, పర్యాటక శాఖల అధికారులకు విన్నపం

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి సెలవు రోజుల్లో జనం బాగానే వస్తున్నారు. బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. తెల్లారి బయల్దేరితే టిఫిన్ వేళకి గుడి ముందుంటారు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఆ పక్కనుంచి లాగుతారు, ఫోటో తీసుకుంటారు. నాగలింగం దగ్గర ఇంకొకటి, పెద్ద నంది దగ్గర మరొకటి. భోజనం హైవే పక్కన హోటల్లో, పొద్దుగూకేసరికి ఇంట్లో. ఆ స్తంభం ఉన్న మండపంలోనే తల పైకెత్తితే అచ్యుతదేవరాయల కాలం నాటి బొమ్మలు కప్పు నిండా ఉన్నాయి. నల్లటి గీత, ఎర్రమట్టి రంగు, పసుపు, ఆకుపచ్చ. ఒక్కో ఆడమనిషి చీరకు ఒక్కో అంచు, ఒక్కో తీరు కొప్పు. కళ్లు ఆ మసక వెలుతురుకు అలవాటు పడితేగానీ గీతలు విడివిడిగా కనబడవు. అంతసేపు నిలబడే తీరిక వచ్చినవాళ్లకు ఉండదు. తప్పు వాళ్లది కాదు. పొద్దున వచ్చి సాయంత్రం పోవడం తప్ప ఇంకో రకంగా ఈ జిల్లాను చూసే ఏర్పాటు మనం చెయ్యలేదు.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. మన చిన్న ఊళ్లలో బయటివాళ్లు ఒక రాత్రి నిద్ర చేసే వీలు కల్పించాలి. దానికి ముఖ్యంగా రెండు పనులు కావాలి: శని, ఆదివారాల్లో ఈ ఊళ్లను చుట్టి వచ్చే ఆర్టీసీ బస్సు, ఊళ్లో మామూలు ఇళ్లలోనే ఒక గది అద్దెకిచ్చుకునే సులువైన అనుమతి. లేపాక్షిలో పర్యాటక సంస్థ వసతి ఉంది, పుట్టపర్తిలో గదులకు కొదవలేదు. కానీ రాత్రి ఉండి చూడాల్సిన నిమ్మలకుంట, వీరాపురం, తిమ్మమ్మ మర్రిమాను, హేమావతి లాంటి చోట్లకు ఆ వసతులు అక్కరకు రావు.

రాత్రే ఎందుకంటే, ఈ జిల్లాలో చూడదగ్గవి చాలావరకు పొద్దు వాలాకనో, తెల్లారకముందో జరిగేవే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటను తీసుకోండి. తోలుబొమ్మలకు దేశమంతా పేరున్న ఊరు, 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ తెచ్చిపెట్టిన కళ. మేకతోలును శుభ్రం చేసి, అవతలి వెలుతురు ఇవతలికి తెలిసేంత పలచన చేస్తారు. బొమ్మ గీసి, రంగులద్ది, చిన్న ఉలితో చిల్లులు కొడతారు. పగలు చూస్తే అవి వట్టి చిల్లులే. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే సీతమ్మ మెడలో హారమవుతాయి. పగటి పూట వచ్చినవాళ్లు ఒక తోలు లాంప్‌షేడ్ కొనుక్కుని పోతారు, కాబట్టి కళాకారుల చేతిపని లాంప్‌షేడ్లకీ గోడ బొమ్మలకీ మళ్లింది. తోలుబొమ్మలాట చూసేవాళ్లు రాత్రి ఊళ్లో ఉంటే ఆట కూడా బతుకుతుంది. శనివారం రాత్రి ఒక్క ఆట, టికెట్టు పెట్టి, ఖాయంగా ఆడే రోజు రావాలి.

వీరాపురం సంగతీ అంతే. చెరువుల్లో నీళ్లున్న ఏడాది కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని సైబీరియా కొంగలంటారు. నిజానికి అవి మన దేశపు ఎర్రకాళ్ల కొంగలే. పేరు ఏదైనా వాటిని ఇంటి ఆడబిడ్డల్లా చూసుకున్న ఊరది. మేతకు చెరువులకు పోయిన పక్షులు గూటికి చేరే సాయంత్రం చూడాలి ఆ చెట్లను. కదిరి మల్లెమొగ్గ విచ్చుకునేదీ పొద్దుగూకాకే. కదిరికి దగ్గర్లో తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాల్లో పరుచుకుని ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. పైనుంచి దిగే లేత ఊడలను ఎరువూ మట్టీ నింపిన వెదురు బొంగుల్లోకి మళ్లించి నేలకు చేరుస్తారు. నేలలో కుదురుకున్న ఊడ మెల్లగా మానవుతుంది. ఒక చెట్టును మనుషులు ఎంత ఓపికగా సాకుతున్నారో చూడడానికి ఎండ తగ్గిన వేళ తీరిగ్గా తిరగాలి.

ఇంకో మాట. ఈ ఊళ్లు విడివిడిగా చూస్తే సగమే అర్థమవుతాయి. రైతు మల్బరీ ఆకు మేపి పట్టుపురుగులు సాకుతాడు, పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు పోతాయి, పట్టుదారం ధర్మవరం మగ్గానికి చేరుతుంది, ఆ చీర అంచుకు లేపాక్షి కప్పు మీది బొమ్మలు నమూనాలయ్యాయి. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి ఒక్క చీర దించడానికి రోజుల తరబడి పడే శ్రమను పక్కన నిలబడి చూసినవాళ్లు, మరమగ్గం మీద నేసిన నకలును ధర్మవరం చీర పేరుతో అమ్మితే నమ్మరు. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ నేతగాడికి గుర్తింపు పత్రం కన్నా తేడా తెలిసిన కొనుగోలుదారు ఎక్కువ ఆసరా. ఆ తేడా తెలియాలంటే ఒక పూట చాలదు, ఒక ఊరూ చాలదు. వేరుశనగ విత్తనంలోనూ ఊళ్లను కలిపే ఇదే ముడి కనిపిస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం తెచ్చిన వేరుశనగ రకం ఒకదాని పేరు ‘కదిరి లేపాక్షి’. వానలు సరిగా పడని నేలలో పంట నిలబెట్టడానికి జరిగిన కృషి అది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. పూటకు వచ్చినవాళ్లు ఊళ్లో ఖర్చుపెట్టేది కొబ్బరికాయ, నీళ్ల సీసా, పార్కింగ్. రాత్రి ఉన్నవాళ్లకు సంగటి, ఊరిబిండి కావాలి, పొద్దున ఉగ్గాని, బజ్జీ కావాలి, పాలు, పూలు, ఆటో కావాలి. పోతూ పోతూ చెనిక్కాయలు, హిందూపురం చింతపండు, బెల్లం కడతారు. ఈ పైసలు కాంట్రాక్టర్ చేతికి పోయేవి కావు, వీధిలోనే నాలుగు చేతులు మారతాయి. కరువు ఏడాది బెంగళూరుకు కూలికి పోయే కుటుంబాలున్న జిల్లా మనది. అదే బెంగళూరు వారం వారం మన గడపలోకి వచ్చి వెనక్కి తిరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నష్టం.

కొందరంటారు, ముందు నీళ్లివ్వండి, తర్వాత టూరిజం మాట్లాడండి అని. న్యాయమైన మాట. హంద్రీ-నీవా కాలువ నీళ్లు చెరువులకు చేరడం కన్నా ముఖ్యమైన పని ఈ జిల్లాకు లేదు. అయితే మేమడిగేది నీళ్ల డబ్బుకు పోటీ రాదు. ఒక బస్సు, నాలుగు శుభ్రమైన మరుగుదొడ్లు, దారి చూపే బోర్డులు, ఒక అనుమతి కాగితం. నీళ్లను తాగేది పెద్ద రిసార్టు. ఎకరాలకెకరాలు కంచె వేసి, లోతుగా బోరు దించి, పచ్చిక పెంచుతుంది. పక్క రైతు బోరు ఎండుతుంది. ఉన్న ఇంట్లో ఉన్న గదికి సున్నం కొట్టి ఇచ్చుకుంటే అదనంగా పోయేది రెండు బిందెలు. పెట్టుబడి తెచ్చే రిసార్టును కాదని గదుల వెంట పడతారేమని అడిగేవాళ్లకూ మా జవాబు ఇదే.

జనం పెరిగితే గుళ్లు, బొమ్మలు పాడవుతాయన్న భయం నిజమైనది. లేపాక్షి కప్పు చిత్రాలు ఇప్పటికే చాలాచోట్ల వెలిసిపోయాయి. 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లింది కనుక జాగ్రత్త మరీ అవసరం. కానీ కట్టడానికి చేటు ఎక్కువగా చేసేది ఒకే చోట ఒకే గంటలో కిక్కిరిసే గుంపు. అదే జనం రెండు రోజులకు, పది ఊళ్లకు పంచుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఇవాళ ఖాళీగా ఉండే హేమావతికి నలుగురు వస్తారు. ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని అది, పేరు హెంజేరు. అక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. మన జిల్లా పిల్లల్లోనే ఎందరికి తెలుసు? లేపాక్షి ఉత్సవాలు 2016లోనూ 2018లోనూ ఘనంగా చేశారు. రెండు రోజుల వెలుగు అయిపోయాక ఊరికి ఏం మిగిలిందో ఊరే చెప్పాలి. పండగ కన్నా వారం వారం తప్పకుండా వచ్చే బస్సు మేలు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం బయటికి ఎవరూ అనరు, మనసులో పెట్టుకుంటారు. ఇంట్లోకి వచ్చేది ఎవరో, ఏ కులమో, ఏ మతమో అని. ఆ ప్రశ్న అడిగే ఇంటికి అనుమతి ఇవ్వకూడదు, అడిగినట్టు తేలితే రద్దు చెయ్యాలి. నియమాల్లో మొదటి వాక్యం ఇదే కావాలని మేము పట్టుబడుతున్నాం. దళితవాడ ఇళ్లు మొదటి జాబితాలోనే ఉండాలి, మిగిలితే ఇచ్చే వాటాగా కాదు. అందరికీ చోటివ్వడం ఈ నేలకు కొత్త కాదు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారు. అక్కడ గగనమహల్ ఉంది, బాబయ్య దర్గా ఉంది, జైన పార్శ్వనాథుడి గుడి ఉంది. దర్గాకు అన్ని మతాలవాళ్లూ ముడుపు కట్టుకుని వస్తారు. అన్ని రకాల యాత్రికులకూ చోటిచ్చిన ఊరు మన జిల్లా నడిబొడ్డునే ఉంది.

ఎండాకాలం ఎవరొస్తారన్నది నిజమే, రారు. వానలు తగ్గిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా నడిపితే చాలు, మిగతా నెలల్లో ఆ బస్సును వేరే రూటుకు వాడుకోవచ్చు. శనివారం పొద్దున హిందూపురంలో బయల్దేరి లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం మీదుగా చీకటి పడేలోపు నిమ్మలకుంట చేరాలి. ఆదివారం కదిరి, మర్రిమాను చూపించి సాయంత్రం రైలు అందేలా వెనక్కి రావాలి. హేమావతికి, వీరాపురానికి వారం విడిచి వారం ఇంకో చుట్టు వెయ్యొచ్చు. రెండు సీజన్లు నడిపి చూసి, ఎన్ని సీట్లు నిండాయో, ఏ ఊళ్లో ఎందరు ఆగారో పంచాయతీ బోర్డు మీద రాసిపెట్టండి. నిండకపోతే ఆపెయ్యమని మేమే అడుగుతాం.

వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. ఇవ్వగలిగిన గది ఉన్న ఇళ్ల జాబితా మహిళా సంఘాల చేత రాయించండి. తలుపుకు గడియ, పక్కనే మరుగుదొడ్డి, తాగే నీళ్లు ఉన్నాయో లేదో వాళ్లనే చూడమనండి. దరఖాస్తు మండల కార్యాలయంలో కాదు, గ్రామ సచివాలయంలోనే తీసుకోవాలని అడగండి. వచ్చినవాళ్లకు సంగటి కెలికేది, పక్క వేసేది, పొద్దున్నే లేచి ఉగ్గాని చేసేది ఇంటి ఆడమనిషే కాబట్టి, దరఖాస్తులో ఇంటి యజమాని అన్న చోట ఆమె పేరే రాయించండి, డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా ఆమెదే ఇవ్వండి.