నోటిమాట కాదు, చీటీ రాసి పంపండి

తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

మా చిత్తూరు వైపు కుక్కకో పిల్లికో జబ్బు ముదిరితే పశువుల డాక్టరు గారు చెప్పే మాట ఒకటే: "ఇక్కడ అయ్యే పని కాదు, తిరుపతి కాలేజీకి తీసుకుపోండి." 1955లో మొదలై, 2005లో విశ్వవిద్యాలయంగా ఎదిగిన మీ సంస్థ మీద ఈ సీమకున్న నమ్మకం అది. సర్జరీకి, మెడిసిన్‌కు, గర్భకోశ వ్యాధులకు విడివిడిగా పై చదువులు చదివిన డాక్టర్లు ఒకే ఆవరణలో మాకు దొరికేది అక్కడే. అయితే నేను చూసినంతలో, తిరుపతికి పొమ్మనే ఆ మాట నోటిమాటగానే ఉండిపోతోంది. చేతిలో కాగితం ఉండదు.

అక్కడి డాక్టరు "ముందు ఏ ఇంజెక్షన్ వేశారు?" అని అడిగితే యజమాని ఏం చెబుతాడు? మొదట స్టెరాయిడ్ వేసిన సంగతి తెలియక నొప్పి తగ్గే మందు ఇస్తే కుక్క కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. మా కుక్కను ఒక ఊరి నుంచి మరో ఊరికి తీసుకెళ్లినప్పుడు, మొదటి రిపోర్టు మా చేతికివ్వనందువల్ల అదే రక్తపరీక్ష మళ్లీ చేయించాం. డబ్బు పోతే పోయింది, జబ్బుతో ఉన్న ప్రాణికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చిందే!

కొన్ని జబ్బులకు ఆగే వ్యవధి ఉండదు. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క తిండి మాని, నీళ్లు విపరీతంగా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. చీము బయటికి కారకపోతే ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు. చాలాసార్లు గర్భసంచి తీసేయడమే దారి. అలాంటి కేసు వస్తోందని ముందే ఫోన్ వెళితే స్కానింగ్, ఆపరేషన్ ఏర్పాట్లు మొదలుపెట్టుకోవచ్చు.

నేను కోరేది ఒక్క పేజీ చీటీ. వయసు, బరువు, టీకాల తేదీలు, జబ్బు మొదలైన రోజు, ఇచ్చిన మందులు, వాటి మోతాదు, పరీక్షల ఫలితాలు, దేనికోసం పంపుతున్నారో ఒక వాక్యం. పశుసంవర్ధక శాఖతో మాట్లాడి తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రతి పశువుల ఆసుపత్రికీ దాన్ని అందించండి. ఏ విభాగానికి ఏ వేళలో ఫోన్ చేయాలో దాని మీదే అచ్చు వేయండి.

తిరుగు చీటీ అంతకన్నా ముఖ్యం. బ్రిటన్‌లో పంపిన డాక్టరు కేసు చరిత్ర ఇవ్వాలి, చూసిన స్పెషలిస్టు ఆయనకు నివేదిక పంపాలి. మనకూ అది కావాలి. కుట్లు విప్పేది, మందు మార్చేది మా ఊరి డాక్టరే కదా. కుప్పం వాళ్లకైతే తిరుపతి కంటే బెంగళూరే దగ్గర. కాగితం చేతిలో ఉంటే ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది.

ఆవులు, గొర్రెలు ఉండగా కుక్కలకింత అవసరమా అనేవాళ్లుంటారు. ఆ గొర్రెల మందకు కాపలా కుక్కే. పైగా ఈనలేక అవస్థ పడే ఆవుకూ ఇదే చీటీ అక్కరకొస్తుంది.

ఆ చీటీ వచ్చేలోగా పెంపకందార్లకు ఒక మనవి: వేసిన ప్రతి మందు సీసాకూ, ప్రతి రిపోర్టుకూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పెద్దాసుపత్రికి పొమ్మన్నప్పుడు, రెండు ముక్కలు రాసివ్వమని మీ డాక్టరు గారిని మొహమాటపడకుండా అడగండి.

ఇట్లు,
చిత్తూరు జిల్లా పెంపకందారు ఒకరు