శుభాకాంక్షలు కూడా అరువేనా?

పండగ వస్తోందంటే ఈమధ్య నాకు పిండివంటల కన్నా ముందు ఫోను గుర్తొచ్చి గుండె గుభేలుమంటోంది. తెల్లారేసరికి గిర్రున తిరిగే పువ్వులు, తళతళలాడే అక్షరాలు, రెక్కలాడించే చిలకలు! ఒకే మామిడి తోరణం పెదమామగారి నుంచీ వస్తుంది, తోటికోడలి నుంచీ వస్తుంది, పాలు పోసే అబ్బాయి నుంచీ వస్తుంది. 2025 ఉగాదికి మొదలైంది విశ్వావసు నామ సంవత్సరం. ఆ పొద్దున నాకొచ్చిన కార్డుల్లో రెండింటి మీద 'శ్రీ క్రోధి నామ సంవత్సర శుభాకాంక్షలు' అని ఉంది. అంటే అంతకుముందు ఏడాదివన్నమాట. పంపినవాళ్ళు చదివితే కదా! ఇంకోదాని కింద ఎవరిదో బట్టలకొట్టు పేరు, ఫోను నంబరూ. మరి నాకు శుభం కోరింది మా పిన్నత్తగారా, ఆ కొట్టాయనా?

కటువుగా ఉన్నా చెప్పేస్తాను. పంపేవాళ్ళే చదవని శుభాకాంక్షలు శుభాకాంక్షలు కావు.

"పోనిద్దురూ, గుర్తుపెట్టుకుని పంపారు, అదే పదివేలు" అంటారు కొందరు. ఉన్న గ్రూపులన్నిటిలోకీ ఒకటే బొమ్మ పడేస్తే అందులో నన్ను గుర్తుపెట్టుకున్నది ఎక్కడ? కళ్ళు సరిగ్గా ఆనని పెద్దవాళ్ళు ఫార్వర్డ్ చేస్తే నేనేమీ అనను. నా గొడవంతా మనతోనే. పక్కింటివాళ్ళిచ్చిన పులిహోరని మన గిన్నెలోకి మార్చి వియ్యాలవారింటికి పంపుతామా? మరి మాట దగ్గరికొచ్చేసరికి ఆ పట్టింపు ఏమైపోతోంది?

"మాకు రాదండీ" అన్నది రెండో జవాబు. కదిలే బొమ్మలో బ్రహ్మవిద్యేమీ లేదు. చిన్నప్పుడు నోటు పుస్తకం మూలల్లో పేజీకో బొమ్మ వేసి గబగబా తిప్పేవాళ్ళం కదా, అదే ఇది. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన జిఫ్ అనే ఫైలు రకంలో ఒక్క ఫైల్లోనే ఇలాంటి బొమ్మలు ఎన్నో వరసగా పెట్టుకోవచ్చు. ఒక్కో బొమ్మలో 256 రంగులే ఉంటాయి. మన ముగ్గుకి అన్ని రంగులెందుకు?

జింప్ అని ఒక బొమ్మల ప్రోగ్రాం ఉంది, పైసా ఖర్చు లేదు. అందులో ఒక ప్రమిద గీయండి, పైన నిటారుగా జ్వాల పెట్టండి. పక్కన 'పిన్నీ, దీపావళి శుభాకాంక్షలు' అని తెలుగులోనే రాయండి. రాసింది విడి లేయర్‌గా ఉంటుంది కాబట్టి దాన్ని బొమ్మలో కలిపేయండి. ఆ లేయర్‌ని డూప్లికేట్ చేసి, కొత్తదాంట్లో జ్వాల మాత్రం నేపథ్యం రంగుతో చెరిపి కాస్త ఎడమకి వంచి గీయండి. మూడోదాంట్లో మళ్ళీ నిటారు, నాలుగోదాంట్లో కుడికి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫైలు పేరు చివర చుక్క పెట్టి జిఫ్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, 'యాజ్ యానిమేషన్', 'లూప్ ఫరెవర్' అన్నచోట్ల టిక్కు పెట్టండి. ఒక్కో బొమ్మకి 200 మిల్లీ సెకన్లు ఇస్తే సరి. నాలుగు బొమ్మలూ కలిపి సెకను కూడా కాదు గానీ, దీపం ఆరకుండా రెపరెపలాడుతూనే ఉంటుంది. చుక్కలు లెక్కపెట్టుకుని మెలికల ముగ్గు వేసే చేతికి ఇది కష్టమంటే నేను నమ్మను.

అసలు సంగతి వేరే ఉంది. చాలా ఇళ్ళల్లో కంప్యూటరు ఆయనదో, పిల్లలదో. దుమ్ము దులిపేది మాత్రం మనం. మనం దాని ముందు కూర్చుంటే "నీకెందుకమ్మా, ఏదైనా నొక్కేస్తావ్" అంటాడు నిన్నగాక మొన్న మనం అక్షరాలు దిద్దించిన కొడుకు. అలా అనీ అనీ చివరికి ఫార్వర్డ్ అన్న ఒక్క మీట మన వేలికింద వదిలారు. మనమూ అదే చాలనుకుని కూర్చున్నాం. ఇంటిల్లిపాది తరఫునా పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ గుర్తుపెట్టుకునేది ఇప్పటికీ మనమే కదా, ఆ మాట మన చేత్తో ఎందుకు ఉండకూడదూ?

"టైము లేదు" అంటారా? వచ్చిన నూట పాతికా తెరిచి చూసి, ఫోను నిండిపోయిందని వాటిని చెరుపుతూ కూర్చునే టైములో ఒక ప్రమిద గీయొచ్చు. అందరికీ పంపనక్కర్లేదు. ఈ ఏడాది ముగ్గురికి చాలు. పేరుపెట్టి పిలిచి, వాళ్ళకే తెలిసిన మాట ఒకటి రాయండి. పిన్నికైతే ఆవిడ చేసే కాకరకాయ కారం సంగతి, చెల్లెలికైతే చిన్నప్పుడు మీరిద్దరూ చిచ్చుబుడ్డి కోసం కొట్టుకున్న సంగతి. జ్వాల కాస్త వంకరగా వస్తే రానివ్వండి. ఎవరు గీశారో వాళ్ళకి తెలుస్తుంది.

పిల్లాడు లేవమంటే లేవకండి. కావాలంటే పక్కన కుర్చీ వేసుకుని చూడమనండి.