పట్టాల పద్దు

1930 జూలైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక వింత పందెం జరిగింది. డేటన్ పట్టణ సమీపాన ఆకాశంలో ఒక విమానం, నేల మీద పట్టాలపై ఎర్రరంగు వేసిన ఒక విద్యుత్ బండి పోటీకి దిగాయి. డేటన్ సామాన్యమైన ఊరు కాదు. విమానాన్ని కనిపెట్టిన రైట్ సోదరులు సైకిళ్ళ దుకాణం నడుపుకొన్న ఊరు. అయినా ఆనాడు గెలిచింది పట్టాల బండే. వార్తాచిత్రాల వారు ఆ దృశ్యాన్ని చిత్రించుకొన్నారు. బండి యజమానులైన సిన్సినాటి అండ్ లేక్ ఈరీ రైల్‌రోడ్ వారికి కోరుకొన్న ప్రచారం లభించింది. కాని ఆ పందెం జరిగి పదేళ్ళు నిండకముందే ఆ సంస్థ రైళ్ళు శాశ్వతంగా నిలిచిపోయాయి. విమానాన్ని ఓడించిన బండిని ఓడించినది ఏమిటి?

మోటారు కారు వచ్చింది, పాతది పోయింది అన్న సమాధానం అందరికీ వెంటనే తోస్తుంది. ఎడ్లబండి స్థానంలో బస్సు వచ్చినట్లే ఇదీ ప్రగతిలో ఒక సహజమైన మెట్టు అనుకొని ఊరుకోవడం సులభం. ఆ సమాధానంలో సగం నిజమున్నది. మిగిలిన సగం జమాఖర్చుల పుస్తకాలలో ఉన్నది.

విద్యుత్తుతో బండిని నడపవచ్చునని జర్మనీలో వెర్నర్ సీమెన్స్ 1881లోనే బెర్లిన్ సమీపాన నిరూపించాడు. అయితే ఒక నగరమంతటా ఎత్తుపల్లాల మీద నమ్మకంగా నడిచే పద్ధతిని రూపొందించినవాడు అమెరికన్ ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్. 1888లో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ నగరంలో ఆయన సుమారు 12 మైళ్ళ మార్గం మీద 40 బండ్లను నడిపాడు. మోటారు బరువును ఒకవైపు ఇరుసు మీద, మరొకవైపు స్ప్రింగుల మీద నిలపడం ఆయన చేసిన గొప్ప మార్పు. దానివల్ల బండి ఎంత కుదిపినా పళ్ళచక్రాలు ఒకదాని నుండి మరొకటి విడిపోలేదు. పైన కట్టిన తీగకు బండి కప్పు మీది పొడవాటి గడ ఆనుకొని విద్యుత్తును అందుకొనేది; పనిచేసిన విద్యుత్తు పట్టాల గుండా తిరిగి వెళ్ళిపోయేది. రెండేళ్ళలోపే వందకు పైగా మార్గాలకు ఈ పద్ధతి పాకింది.

నగరపు వీధులలో తిరిగిన ఈ బండి కొద్దికాలానికే ఊరి పొలిమేర దాటింది. ఒక పట్టణపు నడివీధిలో బయలుదేరి, పొలాల పక్కగా సాగి, మరొక పట్టణపు నడివీధిలో ఆగే విద్యుత్ రైళ్ళు పుట్టుకొచ్చాయి. వీటిని ‘ఇంటర్‌అర్బన్’ రైళ్ళు అన్నారు. ఇండియానా రాష్ట్రానికి చెందిన చార్లెస్ హెన్రీ అనే న్యాయవాది ఈ పేరు పెట్టాడని ప్రతీతి. 1916 నాటికి అమెరికాలో వీటి మార్గాల మొత్తం పొడవు సుమారు 25,000 కిలోమీటర్లు. అందులో అత్యధికభాగం ఒహాయోది. దాని తరువాతి స్థానం ఇండియానాది. 1904లో ఇండియానాపొలిస్ నగరంలో వీటి కోసమే తొమ్మిది వరుసల పట్టాలతో ఒక పెద్ద స్టేషను వెలసింది.

పల్లె బతుకులో ఈ రైలు తెచ్చిన మార్పును తక్కువగా అంచనా వేయరాదు. ఆవిరి రైలు రోజుకు రెండు మూడు పర్యాయాలు వచ్చేది. పెద్ద స్టేషనులోనే ఆగేది. ఇంటర్‌అర్బన్ గంటకొకటి వచ్చేది. రైతు తన పొలం గట్టున నిలబడి చేయి చూపితే ఆగేది. పాలబిందెలు ఉదయాన్నే పట్టణం చేరేవి. పట్టణంలోని ఉన్నత పాఠశాలలో చదువుకొనే పిల్లలు సాయంకాలానికి ఇల్లు చేరేవారు. అంగడికి వెళ్ళిన గృహిణి వంటవేళకు తిరిగి రాగలిగేది. బురదదారుల వల్ల వానకాలమంతా ఇంటిపట్టునే ఉండిపోయే కుటుంబాలకు లోకం దగ్గరయింది. దారి పొడవునా సాగిన తీగ కొన్నిచోట్ల ఇండ్లకు దీపాన్ని కూడా ఇచ్చింది.

ఇంత మేలు చేసిన వ్యవస్థలో లోపాలు లేవనడం సత్యం కాదు. చాలామంది ప్రవర్తకులు ప్రయాణికుల సంఖ్యను ఊహించుకొన్నారే గాని లెక్కించలేదు. ఒకే జత పట్టాల మీద ఎదురెదురుగా బండ్లను నడుపుతూ టెలిఫోను ఆదేశాల మీద ఆధారపడిన మార్గాలు ఎన్నో ఉండేవి. 1910 సెప్టెంబరులో ఇండియానాలోని కింగ్స్‌లాండ్ సమీపాన రెండు బండ్లు ఢీకొని 41 మంది మరణించారు. కాలిఫోర్నియాలో హెన్రీ హంటింగ్టన్ 1901లో స్థాపించిన పసిఫిక్ ఎలక్ట్రిక్ సంస్థ ఆ ప్రాంతమంతా వందల మైళ్ళ పట్టాలు పరచింది. కాని ఆయన దృష్టి టికెట్ల మీద కన్న పట్టాల పక్కనున్న స్థలాల అమ్మకం మీదనే ఎక్కువ. స్థలాలు అమ్ముడుపోయాక రైలును పోషించవలసిన అవసరం ఎవరికుంటుంది?

అయినప్పటికీ ఈ రైళ్ళ పతనానికి ఆ లోపాలే కారణమని సరిపెట్టుకోలేము. అసలు అన్యాయం పద్దులలో జరిగింది. రైలు సంస్థ తన దారిని తానే కొనాలి. పట్టాలు తానే పరవాలి. వంతెనలు తానే కట్టాలి. ఆపైన వాటన్నిటి మీద ఆస్తిపన్ను చెల్లించాలి. మోటారు కారుకు, లారీకి ఆ బాధలేదు. వాటికి దారిని ప్రభుత్వం వేసింది. 1916లో సమాఖ్య ప్రభుత్వం రహదారుల సహాయ చట్టం చేసింది. 1919లో ఆరెగాన్ రాష్ట్రం పెట్రోలు మీద తొలిసారిగా పన్ను విధించి ఆ ధనాన్ని రోడ్లకు మళ్ళించింది. ఇతర రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి. రైలు పన్ను కట్టింది, రోడ్డు పన్నుతో పెరిగింది.

నగరవీధులలో నడిచిన ట్రాము సంస్థల స్థితి మరీ విచిత్రం. వీధిని వాడుకొనే అనుమతి పత్రంలోనే మునిసిపాలిటీలు ఒక షరతు పెట్టేవి: పట్టాల నడుమ ఉన్న నేలను, వాటికి ఇరువైపులా కొంత మేరను సంస్థే రాళ్ళతో చదును చేసి మరమ్మతు చూడాలి. గుర్రాల కాలంలో ఆ షరతు న్యాయమైనదే. గుర్రాల డెక్కలు వీధిని పాడుచేసేవి కనుక ఆ ఖర్చు గుర్రాల యజమాని భరించేవాడు. గుర్రాలు పోయి విద్యుత్తు వచ్చింది గాని షరతు మాత్రం పోలేదు. తీరా, ట్రాము సంస్థ తన డబ్బుతో చదును చేసిన ఆ దారి మీదనే కార్లు హాయిగా పరుగెత్తి, ట్రాముకే అడ్డుపడ్డాయి. తన ప్రత్యర్థికి తానే బాట వేసి ఇచ్చిన వ్యాపారి ప్రపంచంలో మరొకడు ఉంటాడా?

ఛార్జీ కథ కూడా అటువంటిదే. అనేక నగరాలలో టికెట్టు ధర అయిదు సెంట్లని అనుమతి పత్రంలోనే రాసి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కూలి, ఉక్కు, బొగ్గు ధరలు విపరీతంగా పెరిగాయి. అయిదు సెంట్లు మాత్రం అయిదు సెంట్లుగానే ఉండిపోయింది. ఎన్నో సంస్థలు దివాలా తీశాయి. 1919లో అధ్యక్షుడు విల్సన్ ఈ సంక్షోభంపై ఒక విచారణ సంఘాన్నే నియమించవలసి వచ్చింది.

ఈ కథలో ఒక కుట్ర కూడా ఉన్నదని చాలామంది నమ్ముతారు. నేషనల్ సిటీ లైన్స్ అనే సంస్థ అనేక నగరాల ట్రాములను కొని వాటి స్థానంలో బస్సులు పెట్టింది. దానికి పెట్టుబడి సమకూర్చినవారిలో బస్సులు, టైర్లు, ఇంధనం అమ్మే పెద్ద సంస్థలు ఉన్నాయి. 1949లో న్యాయస్థానం ఆ బస్సులు, సామగ్రి అమ్మకంపై గుత్తాధిపత్యానికి కుట్ర చేశారన్న నేరాన్ని నిర్ధారించింది. రవాణా వ్యవస్థనే చేజిక్కించుకొనడానికి కుట్ర చేశారన్న అభియోగాన్ని మాత్రం కొట్టివేసింది. సంస్థలకు 5,000 డాలర్ల చొప్పున, అధికారులకు ఒక్కొక్క డాలరు చొప్పున జరిమానా పడింది. ఆ శిక్ష హాస్యాస్పదమే. కాని అప్పటికే రైళ్ళు చాలావరకు నేలకొరిగాయన్నది మరవరాదు. కుట్రదారుల మీద నేరమంతా మోపితే, వీధి షరతులు రాసినవారు, పన్నులు వేసినవారు, వారిని ఎన్నుకొన్నవారు సులభంగా తప్పించుకొంటారు.

మన దేశపు అనుభవమూ ఇందుకు దూరం కాదు. చెన్నపట్నంలో విద్యుత్ ట్రాములు 1895లోనే నడిచాయి. అప్పటికి లండను వీధులలో కూడా అవి లేవు. చదువుకో, కొలువుకో, సినిమాలలో అవకాశానికో ఆ నగరం చేరిన తెలుగువారికి సుపరిచితమైన బండి అది. నష్టాలలో కూరుకొన్న ఆ ట్రాము సంస్థ 1953 ఏప్రిల్‌లో మూతపడింది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కనుక ఆంధ్ర రాష్ట్రపు పౌరులుగా చెన్నపట్నం వెళ్ళినవారికి ఆ బండి ఎక్కే అవకాశం లేకపోయింది. హైదరాబాదులో ట్రాము రాలేదు గాని, 1932లో అక్కడ జరిగినది గమనింపదగినది. నిజాం రాష్ట్ర రైల్వే సంస్థే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. రైలూ బస్సూ శత్రువులు కానక్కరలేదని, రెండూ ఒకే పద్దు కిందికి రావచ్చునని ఆ ఏర్పాటు చూపింది. నేటి ఆర్టీసీ సంస్థల మూలం అక్కడే ఉన్నది.

అమెరికాలో ఆనాటి ఇంటర్‌అర్బన్లలో నేటికీ నడుస్తున్న రైలు షికాగో, సౌత్‌బెండ్ నగరాల మధ్యనున్న సౌత్ షోర్ మార్గం. ప్రైవేటు సంస్థ చేతులెత్తేసే స్థితి రాగా, ఇండియానా రాష్ట్రం 1977లో ఒక ప్రజాసంస్థను ఏర్పరచి ఆ మార్గాన్ని నిలబెట్టింది. రైలు అదే, పట్టాలు అవే. పద్దు రాసే చేయి మారింది.

హంటింగ్టన్ స్థాపించిన సంస్థ రైళ్ళకు ఆ అదృష్టం పట్టలేదు. లాస్ ఏంజెలిస్ నుండి లాంగ్ బీచ్‌కు వెళ్ళే చివరి ఎర్రబండి 1961 ఏప్రిల్‌లో ఆగింది. ఆ తరువాత 29 ఏళ్ళకు, 1990 జూలైలో, చాలావరకు ఆ పాత దారి మీదనే కొత్త పట్టాలు వేసి విద్యుత్ రైలును తిరిగి ప్రారంభించారు. ఈసారి దానికైన ఖర్చు సుమారు 88 కోట్ల డాలర్లు. డాలరుకు అరసెంటు చొప్పున అమ్మకపు పన్ను చెల్లించడానికి అక్కడి ఓటర్లు 1980లోనే సమ్మతించారు.