వాయిదా కూడా తీర్పే

ఈసారి కూడా వాయిదానే. అవతలివాళ్ళు కౌంటరు వేయలేదు. అంతకుముందు వాళ్ళ లాయరు రాలేదు. ఆ ముందు జడ్జిగారు సెలవు. బంట్రోతు పేరు పిలవడం, నేను లేచి నిలబడడం, తేదీ రాసుకోవడం... అర నిమిషం పని. దానికోసం రెండేసి నెలలు ఎదురుచూపు.

కొడుకు కస్టడీ కోసం పిటిషన్ వేసేనాటికి వాడికి మూడేళ్ళ నాలుగు నెలలు. ఇప్పుడు ఆరు నిండాయి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 6వ సెక్షన్ ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. అదే సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుణ్ణి చేసి, తల్లిని 'ఆయన తర్వాత' నిలబెట్టింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంతోషించాం. కానీ ఆ ఐదేళ్ళ రక్షణని తీసేయడానికి చట్టాన్ని మార్చక్కర్లేదు, వాయిదాలు చాలని అప్పుడు తోచలేదు.

ఆలస్యం ఇద్దరికీ ఒకటే కదా అంటారు. కాదు. బిడ్డ ఎవరి దగ్గర ఉంటే ఆలస్యం వాళ్ళ పక్షాన వాదిస్తుంది. నెలకి రెండు ఆదివారాలు చూపించమన్న ఉత్తర్వు ఉంది. జ్వరమంటారు, ఊరెళ్ళారంటారు. దానిమీద ఇంకో పిటిషన్, దానికీ వాయిదా. పోయినసారి నేను కొన్న చొక్కా వాడికి పొట్టయింది. నా బిడ్డ కొలత నాకు తెలియదు! చివరికి "పిల్లవాడు అక్కడ అలవాటుపడ్డాడు, కదిలిస్తే వాడి సంక్షేమానికి మంచిది కాదు" అంటారు. ఆ అలవాటు వాయిదాలు చేసినదే కదా? సాగదీసినవాడికి సాగదీతే సాక్ష్యమవుతుంటే ఇక విచారణ ఎందుకు?

తల్లి దేవత కాబట్టి బిడ్డనివ్వమని నేను అడగడం లేదు. ఆ దేవత మాటతోనే మనల్ని ఇంతకాలం కట్టేశారు. వాణ్ణి పెంచింది నేను కాబట్టి అడుగుతున్నాను. బిడ్డ తల్లి దగ్గర ఉండి, తండ్రి ఇలా కోర్టు వరండాలో కూర్చున్నా నేను ఇదే మాట అంటాను.

1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం తెచ్చిందే రాజీకీ, సత్వర పరిష్కారానికీ. 2001లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పిల్లల పోషణ, చదువులపై మధ్యంతర దరఖాస్తుల్ని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలన్నారు. ఆ వాక్యంలో కస్టడీ మాట లేదు. ఫీజు ఎవరు కట్టాలో తేల్చడానికి గడువుంది, బిడ్డ రాత్రి ఎవరి పక్కన పడుకోవాలో తేల్చడానికి లేదు. ఆ గడువు కావాలి. కారణం లేని వాయిదాకి ఖర్చులు కట్టించాలి. సాగదీసిన కాలాన్ని 'అలవాటు' కింద లెక్కవేయకూడదు.

మనం వరకట్నం గురించీ, మనోవర్తి గురించీ ఎన్నో సభలు పెట్టుకున్నాం. కస్టడీని మాత్రం ఎవరి ఏడుపు వాళ్ళదిగా వదిలేశాం. ఇది సొంత దుఃఖం కాదు, స్త్రీని లొంగదీసే సాధనం. "బిడ్డ కావాలంటే ఇంటికి రా" అన్న బెదిరింపుకి బలమిస్తున్నది ఈ వాయిదాలే.

మళ్ళీ తేదీ రెండు నెలల తర్వాత. వాడికి పాలపళ్ళు ఊడే వయసు. మొదటి పన్ను ఊడినప్పుడు నేను పక్కన ఉండను. దాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు.