పావురం ఎవరిది?

కిందటి సంచిక అట్ట మీద పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం బొమ్మ వేసి, కింద ‘బౌద్ధ చైత్యం, శివుడి గుడి’ అని రాశాం. ఆ నాలుగు మాటలకు రెండు వైపుల నుంచీ తిట్లు పడ్డాయి. శివాలయాన్ని పట్టుకుని చైత్యమంటారా అని ఒకరు. బుద్ధుడి ఇల్లు కబ్జా చేసినవాళ్లకు వత్తాసు పలుకుతారా అని ఇంకొకరు. పత్రిక నడిపేవాళ్లకు తిట్లు కొత్త కాదు. ఇద్దరిలో ఒక్కరూ చేజర్ల వెళ్లినట్టు లేదు, కష్టం అక్కడే.

వెళ్లి ఉంటే కప్పు చూసేవాళ్లు. ఏనుగు వీపులా వంగిన ఇటుక కప్పు, వెనక గుండ్రని గోడ. పదహారు వందల ఏళ్లు పైబడిన పని. ఆ కప్పు ఎందుకు నిలిచింది? అమరావతి స్తూపం పలకలు కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి, కొన్ని మద్రాసు చేరాయి, కొన్ని లండన్‌కు ఓడెక్కాయి. భట్టిప్రోలు స్తూపం రాళ్లు రోడ్డు పనులకు, కాలువ పనులకు పోయాయి. 1926లో తవ్విన గోలి పలకలు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. చేజర్లలో మాత్రం ఊరివాళ్లు దీపం మానలేదు. కప్పు కారితే దేవుడు తడుస్తాడన్న భయం కంటే మంచి పురావస్తు శాఖ ఏముంది? మహారాష్ట్ర తేర్‌లో త్రివిక్రముడి గుడీ ఇలాంటిదే. అక్కడా కప్పు ఉంది, అక్కడా పూజ ఉంది.

గుండ్రటి గోడ ఉన్నంత మాత్రాన బౌద్ధం కాదని, నాగార్జునకొండలో శివుడికీ అలాంటి గుడి ఉండేదని కొందరు పండితులంటారు, ఉండొచ్చు.

కానీ కబ్జా! అది సర్వే నంబర్ల తగాదాల్లో మాట. భిక్షువులు లేని చైత్యంలో పొలం నుంచి వచ్చిన రైతు చెంబెడు నీళ్లు పోస్తే అది ఆక్రమణా? ఇక చైత్యమంటే శివుడికి మైల అంటుతుందనే పెద్దమనుషులు ఒకసారి శాసనాలు తిరగెయ్యాలి. ఈ సీమను ఏలిన ఆనందగోత్రుల్లో దామోదరవర్మ మట్టెపాడు శాసనంలో బుద్ధుడి భక్తుడు, గోరంట్ల శాసనంలో అత్తివర్మ శంభుడి భక్తుడు. ఒకే వంశంలో ఇద్దరూ ఇమిడారు. మన ఉత్తరాల పెట్టెలో ఇమడరట.

చేజర్ల గుడిలోని లింగం శిబి చక్రవర్తి మొండెమని ఊరి నమ్మకం. డేగ వాత పడబోయిన పావురం కోసం ఒళ్లు కోసిచ్చిన ఆ శిబి భారతంలో ఉన్నాడు. నాగార్జునకొండ శిల్పంలో బోధిసత్వుడై అదే త్రాసు ముందు ఉన్నాడు. ఆ పావురం ఏ మతానిదో తేల్చి రాయండి, తప్పకుండా అచ్చేస్తాం.